తమ్ముడి బైపోలార్ డిప్రెషన్‌కి ఇంప్లాంట్ అంటున్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

#1 నీలిమబ్బు

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మా తమ్ముడికి 34. బైపోలార్ అని తేలి 11 ఏళ్లు. మొదట్లో రెండుసార్లు బాగా పైకి వెళ్లాడు. నిద్ర లేదు, తిండి లేదు, రోజుకో కొత్త వ్యాపారం, ఎదురు చెబితే కోపం. ఆ తర్వాత అంతా కిందికే. ఇప్పుడున్న డిప్రెషన్‌కి 14 నెలలు నిండాయి. మంచం మీంచి లేచి స్నానం చేశాడంటే ఆ రోజు మాకు పండగ. మాట్లాడితే మూడు ముక్కలు, అదీ మనం అడిగితేనే.

వాడిన మందులు: లిథియం (రక్తపరీక్షలో లెవెల్ సరిగ్గానే వచ్చింది, మనిషిలో మాత్రం మార్పు లేదు), లామోట్రిజిన్, క్విటియాపిన్, ఇంకో రెంటి పేర్లు గుర్తులేవు. షాక్ ట్రీట్‌మెంట్ అంటే వాడే వద్దన్నాడు. మొన్న డాక్టరుగారు ఫైలు తిరగేస్తూ, "మందులకి లొంగని కేసుల్లో మెదడులోనో మెడ దగ్గరో ఇంప్లాంట్ పెట్టి చూస్తున్నారు, ఆలోచించండి" అన్నారు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, మేం లేచి వచ్చేశాం. ఇంటికొచ్చాక మొదలైంది నాకు టెన్షన్. ఆశపడాలో భయపడాలో తేలడం లేదు.

ఇది నిజంగా పనిచేస్తుందా? పుర్రెకి కన్నం పెడతారా? బైపోలార్ ఉన్నవాళ్లకి చేయొచ్చా, మామూలు డిప్రెషన్‌కేనా?

#2 గట్టుమీద

నీలిమబ్బు గారూ, 14 నెలలు అనగానే కడుపులో దేవినట్టయింది. మా ఆయనది 9 నెలలు సాగింది. ఇంప్లాంట్ గురించి నాకు తెలియదు, షాక్ ట్రీట్‌మెంట్ గురించి తెలుసు. తీరిక చేసుకుని రాస్తాను.

#3 న్యూరోనర్సు

నేను డీబీఎస్ చేసే విభాగంలో పనిచేస్తాను. డీబీఎస్ అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పార్కిన్సన్స్ వాళ్లే. డిప్రెషన్ కోసం పెట్టించుకున్నవాళ్లని ముగ్గురినే చూశాను. అంచేత యంత్రం సంగతి చెప్పగలను, మీ తమ్ముడికి కావాలో వద్దో చెప్పలేను.

ఇంప్లాంట్ అని మీ డాక్టరు ఒక్క మాటలో అన్నా అవి రెండు వేరు వేరు ఆపరేషన్లు.

మెదడులో పెట్టేది డీబీఎస్. తలకి ఫ్రేము బిగించి, ఎంఆర్ఐ బొమ్మ చూసుకుంటూ, మిల్లీమీటరు తేడా రాకుండా రెండు సన్నటి తీగల్ని లోపలికి దింపుతారు. పుర్రె తెరవరు, అటొకటి ఇటొకటి చిన్న రంధ్రం చేస్తారు. తీగ చివర లోహపు చుట్లు ఉంటాయి, కరెంటు వెళ్లేది వాటి నుంచి. తీగ మిగతా భాగం చర్మం కిందనే చెవి వెనకగా, మెడ మీదుగా దిగి కాలర్ బోన్ కింద పెట్టిన బ్యాటరీ డబ్బాని చేరుతుంది. గుండెకి పెట్టే పేస్‌మేకర్ లాంటిదే, కొంచెం పెద్దది. అందులోంచి సెకనుకి సుమారు 130 చిన్న పల్సులు పోతూ ఉంటాయి. మనిషికి అవి తెలియవు. ఎంత కరెంటు, ఏ చుట్టు నుంచి, ఎంత వేగంగా అన్నది తర్వాత బయటినుంచి రిమోట్ లాంటి పరికరంతో మారుస్తారు.

మెడలో పెట్టేది వీఎన్‌ఎస్, అంటే వేగస్ నర్వ్ స్టిమ్యులేషన్. అందులో మెదడుని ముట్టుకోరు. మెదడు నుంచి మెడ మీదుగా గుండె, పొట్ట దాకా దిగే వేగస్ నాడి ఉంటుంది, మెడ ఎడమవైపు దాని చుట్టూ చిన్న తీగ చుట్టి బ్యాటరీని ఛాతీలో పెడతారు. మామూలుగా 30 సెకన్లు పనిచేసి 5 నిమిషాలు ఆగుతుంది. రోజంతా అదే వరస.

ఆపరేషన్ ప్రమాదం రెండింటిదీ ఒకటి కాదు. డీబీఎస్‌లో నూటికి ఒకరిద్దరికి మెదడులో రక్తస్రావం కావచ్చు. ఇన్ఫెక్షన్ వస్తే ఒక్కోసారి పెట్టినదంతా తీసేయాల్సి వస్తుంది. వీఎన్‌ఎస్‌లో ఆ మొదటి భయం లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. వీఎన్‌ఎస్‌ని మందులకి లొంగని డిప్రెషన్‌కి అమెరికాలో మందులకి, పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2005లో ఒప్పుకుంది, బైపోలార్ డిప్రెషన్ కూడా అందులోకి వస్తుంది. డీబీఎస్‌ని ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బుకి 1997లో, పార్కిన్సన్స్‌కి 2002లో, తీవ్రమైన ఓసీడీకి (చేసిందే చేయకుండా ఉండలేని జబ్బు) 2009లో పరిమితంగా ఒప్పుకుంది. డిప్రెషన్‌కి డీబీఎస్ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అంటే ఎవరైనా "చేసేద్దాం" అంటే, అది పరిశోధన కోసం చేసే ట్రయలా, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగాలి మీరు.

#4 అలసినగుర్రం

ఇది ఆ మధ్య వార్తల్లో వచ్చిన మెదడు చిప్పేనా? దాంతో ఆలోచనతోనే కంప్యూటర్ నడిపేస్తున్నారు కదా! చెడ్డ ఆలోచన రాగానే కట్ చేసేస్తుందని కూడా ఎక్కడో చదివాను. చూడండి, మన కళ్ల ముందే ఈ జబ్బులన్నీ స్విచ్ వేసినట్టు పోతాయి.

#5 సందేహాలరావు

గుర్రం గారూ, ఆ స్విచ్ దగ్గరే కాసేపు ఆగండి. మీరన్న చిప్ చేతుల్ని కదిలించే భాగంలోని సంకేతాల్ని చదువుతుంది. ఇక్కడ మాట్లాడేది చదవడం గురించి కాదు, కరెంటు ఇవ్వడం గురించి. రెంటికీ చుట్టరికం ఉంది గానీ కాపురం వేరు.

నీలిమబ్బు గారికి అసలు కథ చెబుతాను. డాక్టర్ని కాను. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉండి పదేళ్లుగా పేపర్లు చదువుకుంటున్నవాణ్ణి.

2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్ అనే న్యూరాలజిస్టు, ఆండ్రెస్ లొజానో అనే సర్జన్ కలిసి ఆరుగురికి డీబీఎస్ చేశారు. ఏ మందూ పనిచేయనివాళ్లు వాళ్లు. మెదడు ముందుభాగంలో లోపలగా ఏరియా 25 అనే చోటు ఉంది, విచారంలో అది అతిగా పనిచేస్తుందని మేబర్గ్ అంతకుముందే స్కాన్లలో చూసి ఉంది. అక్కడ కరెంటు పెట్టారు. ఆరు నెలలకి ఆరుగురిలో నలుగురు బాగా తేరుకున్నారు. ఆపరేషన్ బల్ల మీదే కరెంటు ఆన్ చేయగానే కొందరు లోపల ఏదో తేలికైనట్టుందన్నారు, రంగులు స్పష్టంగా కనిపిస్తున్నాయన్నారు. ప్రపంచమంతా ఎగిరి గంతేసింది.

ఆ తర్వాత పెద్ద ట్రయల్స్ పెట్టారు. అందరికీ తీగలు పెట్టి, సగం మందికి కరెంటు ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా, ఎవరికి ఏది అన్నది దాచి చూశారు. ఒక కంపెనీ 30 మందితో ఇంకో చోట పెట్టి చూసింది. 16 వారాలకి కరెంటు ఉన్నవాళ్లలో 20 శాతం మందికి, లేనివాళ్లలో 14 శాతం మందికి డిప్రెషన్ సగానికి తగ్గింది. పట్టించుకోదగ్గ తేడా కాదు. మేబర్గ్ చెప్పిన చోటే ఇంకో కంపెనీ 90 మందితో బ్రాడెన్ అనే ట్రయల్ నడిపింది. ఆరు నెలలకి 20 శాతం, 17 శాతం. ఇక లాభం లేదని మధ్యలోనే ఆపేశారు.

ఇక్కడితో కథ అయిపోతే నేనూ "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. అదే 90 మందికీ తర్వాత కరెంటు ఇస్తూ పోయారు. రెండేళ్లకి చూస్తే దాదాపు సగం మందికి డిప్రెషన్ సగానికి పడింది. ఈ మనుషులు అంతకుముందు ఏళ్ల తరబడి దేనికీ కదలనివాళ్లు. పోల్చడానికి కరెంటు లేని జట్టు అప్పటికి లేదు కాబట్టి ఇది రుజువు కాదు. కొట్టిపారేయడానికీ మనసు ఒప్పదు.

2016లో ఆమ్‌స్టర్‌డామ్‌ వాళ్లు పద్ధతి తిరగేశారు. 25 మందికి ముందు నెలల తరబడి కరెంటుని సర్దారు, ఆ తర్వాతే దాచిపెట్టి ఆన్, ఆఫ్ చేసి చూశారు. 25 మందిలో 10 మందికి పనిచేసింది. దాపరికం దశలోకి వెళ్లిన 16 మందిలో ఆఫ్ చేసినప్పుడు డిప్రెషన్ స్పష్టంగా పెరిగింది. నన్ను మెత్తబరిచింది ఈ ఒక్క పేపరే.

బైపోలార్ సంగతి. అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్లు 17 మందితో చేసినది 2012లో వచ్చింది. 10 మంది మామూలు డిప్రెషన్, 7 మంది బైపోలార్ టూ, అంటే పైకి వెళ్లడం తేలికగా ఉండే రకం. రెండేళ్లకి చేరిన 12 మందిలో 11 మందికి సగానికి పైగా తగ్గింది. ఎవరూ మేనియాలోకి, అంటే మీరన్న ఆ పైకి, వెళ్లలేదు. మొదటి ముగ్గురికి చెప్పకుండా కరెంటు ఆపి చూస్తే జబ్బు తిరగబెట్టింది, ఇది న్యాయం కాదని ఆ దశనే మానేశారు.

కానీ గమనించండి, బైపోలార్ టూ. మీ తమ్ముడిది ఏ రకం? ఆ రెండుసార్లు ఆసుపత్రి దాకా వెళ్లిందా?

#6 నీలిమబ్బు

మొదటిసారి 12 రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఫైల్లో టైప్ వన్ అనే ఉంది.

#7 సందేహాలరావు

అయితే ఆ ఏడుగురి ఫలితం మీవాడికి సరాసరి అతకదు. అసలు మేనియా చూసినవాళ్లని చాలా ట్రయల్స్ గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. నిరుత్సాహపరచాలని కాదండీ, రేపు ఎవరైనా ఈ అంకెలు చూపిస్తే మీకు తెలిసి ఉండాలని.

#8 తీగమోత

పేరు చూశారుగా, నేను మోస్తున్నవాణ్ణే. బైపోలార్ టూ. మెడలో వీఎన్‌ఎస్ పెట్టించుకుని మూడున్నరేళ్లు.

రావుగారు అంకెలు చెప్పారు, నేను రోజులు చెబుతాను. ఆపరేషన్ రెండు గంటల లోపే అయిపోయింది. మచ్చలు రెండు, మెడ మీద ఒకటి, చంక దగ్గర ఒకటి. మొదటి రెండు వారాలు ఆన్ కూడా చేయలేదు. ఆ తర్వాత ప్రతిసారీ పిసరంత పెంచుకుంటూ పోయారు. కరెంటు వచ్చిన 30 సెకన్లు గొంతు బొంగురుపోతుంది. ఫోన్లో మాట్లాడుతుంటే "జలుబు చేసిందా" అంటారు. మెట్లెక్కేటప్పుడు కొంచెం ఆయాసం. ఏడాదికి ఇవన్నీ చాలావరకు సర్దుకున్నాయి, బొంగురు మాత్రం పోలేదు.

డిప్రెషన్ మాటకొస్తే, మొదటి నాలుగు నెలలు ఏమీ లేదు. ఆరో నెలలో కూడా ఏమీ లేదు. మోసపోయానని గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ నెలల్లో నన్ను నిలబెట్టింది ఇంప్లాంట్ కాదు, పాత మందులు, మా అమ్మ. ఎనిమిదో నెలలోనో తొమ్మిదిలోనో మా అమ్మే ముందు కనిపెట్టింది. "మొన్నటినుంచి నువ్వే కిటికీ తీస్తున్నావు" అంది. నాకైతే ఫలానా రోజు బాగైందని చెప్పుకునే రోజే లేదు. ఇప్పుడు కూడా కిందకి జారతాను, ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఇదివరకు బావిలో పడేవాణ్ణి, ఇప్పుడు గుంటలో పడుతున్నాను. లేవగలుగుతున్నాను.

మందులేవీ మానలేదు. లామోట్రిజిన్, రాత్రి ఒక మాత్ర అలాగే ఉన్నాయి. ఇంప్లాంట్ పెడితే మందుల డబ్బా అవతల పారేయొచ్చు అనుకునేవాళ్లకి ముందే చెబుతున్నాను.

నాకు పనిచేసింది కాబట్టి అందరికీ చేస్తుందనడం లేదు. పెట్టించుకుని తీసేయించుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు.

#9 సందేహాలరావు

తీగమోత గారి నిజాయితీకి దండం. దానికి పక్కన పెట్టాల్సిన అంకె కూడా చెప్పేస్తాను. వీఎన్‌ఎస్ మీద మొదట చేసిన దాపరికపు ట్రయల్లో 10 వారాలకి సగానికి తగ్గింది కరెంటు ఉన్నవాళ్లలో 15 శాతం మందికి, లేనివాళ్లలో 10 శాతం మందికి, అంటే తేడా తేలనట్టే. అయినా 2005లో అనుమతి వచ్చింది. ఎఫ్‌డీఏలోని సమీక్షకులు వద్దన్నా పై అధికారి సంతకం పెట్టారని అమెరికా సెనేట్ కమిటీ విచారణే జరిగింది. తర్వాత సుమారు 800 మందిని ఐదేళ్లు వెంబడించి చూస్తే, వీఎన్‌ఎస్ పెట్టినవాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు సగానికి తగ్గినవాళ్లు 68 శాతం, మామూలు వైద్యంతో 41 శాతం. అది లాటరీ వేసి విడదీసిన ట్రయల్ కాదు. మొన్న 2024లో సుమారు 500 మంది మామూలు డిప్రెషన్ వాళ్లతో వచ్చిన ట్రయల్లో కూడా ఏడాదికి ప్రధాన కొలతలో తేడా తేలలేదు. ఆన్ చేయనివాళ్లు కూడా బాగానే మెరుగయ్యారు.

#10 తీగమోత

నిజమే రావుగారూ. మా అమ్మకి ఈ అంకెలు చూపిస్తే "కిటికీ ఎవరు తీస్తున్నారు మరి" అంటుంది. మీ దగ్గర దానికి జవాబు లేదు, నా దగ్గరా లేదు.

#11 చెప్పకతప్పదు

అందరూ ఏదో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు మాట్లాడుతున్నారు. మెదడులో కరెంటు పెట్టి మనిషి మనసు మార్చడమేంటి? ఒకప్పుడు లొబాటమీ అని మెదడు కోసి బొమ్మల్లా చేసి ఇళ్లకి పంపారు. దానికి నోబెల్ కూడా ఇచ్చారు. అప్పుడూ ఇలాగే "శాస్త్రం" అన్నారు.

#12 న్యూరోనర్సు

మీ భయం తప్పని అనను. లొబాటమీని ఎగాస్ మోనిజ్ అనే పోర్చుగీసు డాక్టరు 1935లో మొదలుపెట్టాడు, 1949లో నోబెల్ ఇచ్చారు, ఆ మచ్చ మానసిక శస్త్రచికిత్స మీద ఇప్పటికీ ఉంది. అందుకే ఇప్పుడు ఇన్ని కమిటీలు. తేడా ఏంటంటే అది కోత. కోసింది అతకదు. ఇది తగ్గించొచ్చు, ఆపొచ్చు, తీసేయొచ్చు. తీగ వెళ్లిన దారిలో సన్నటి గాయం మాత్రం ఉండిపోతుంది, ఏమీ ఉండదని అబద్ధం చెప్పను.

"నేను నేనేనా" అని అడిగినవాళ్లని చూశాను. నేను చూసిన ముగ్గురిలో ఒకావిడకి బాగా తగ్గింది. తగ్గాక ఆవిడ బాధ వేరేగా మొదలైంది. ఇన్నేళ్లూ ఇంట్లో అందరూ ఆవిడని జబ్బుమనిషిగానే చూసుకున్నారు. ఇప్పుడు బాగైంది కదా, ఉద్యోగం ఎప్పుడు, పెళ్లి ఎప్పుడు అని మొదలెట్టారు. జబ్బు పోయింది గానీ దానితో గడిచిన పదిహేనేళ్లు తిరిగిరావు కదా. ఇంట్లోవాళ్లు దానికి కూడా సిద్ధంగా ఉండాలి.

#13 నీలిమబ్బు

అన్నీ చదువుతున్నాను. ఒక్కొక్కరి పోస్టు రెండేసి సార్లు. నా భయం ఇంకోటి. డిప్రెషన్ మందు ఒకటి ఇచ్చినప్పుడు తమ్ముడు పైకి వెళ్లిపోయాడు, రెండోసారి అలాగే జరిగింది. కరెంటు కూడా అలా పైకి తోసేస్తే? అర్ధరాత్రి రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది?

#14 న్యూరోనర్సు

ఇది అడగాల్సిన ప్రశ్న, నన్ను కాదు, పెట్టేవాళ్లని మొట్టమొదట అడగాల్సింది.

తోయొచ్చు. కరెంటు పెట్టే చోటుని బట్టి కూడా ఉంటుంది. ఓసీడీకి పెట్టే చోట కరెంటు పెంచినప్పుడు కొందరు హైపోమేనియాలోకి (మేనియా కన్నా తేలికది) వెళ్లడం అందరికీ తెలిసిందే. ఒకాయనకి శుక్రవారం సెట్టింగ్ మార్చారు. శనివారం హుషారు. ఆదివారం తెల్లవారుజామున రెండింటికి ఇల్లంతా సర్దుతున్నాడు. ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లకి లేచాడని సంతోషపడ్డారు, అందుకే ఫోన్ చేయలేదు! సోమవారం వచ్చారు, కరెంటు తగ్గించారు, రెండు రోజుల్లో దిగాడు. మాత్రతో పోలిస్తే ఇదొక సుఖం, మాత్ర ఒంట్లోంచి పోయేదాకా ఆగాలి, దీన్ని అప్పుడే తగ్గించొచ్చు. కానీ తగ్గించే మనిషి అందుబాటులో ఉండాలి. ఇంట్లో ఇచ్చే రిమోట్‌తో మామూలుగా ఆన్, ఆఫ్, డాక్టరు పెట్టిన హద్దుల్లో కొంచెం అటూఇటూ మాత్రమే చేయగలరు.

నేనైతే ఇలా అడుగుతాను. సెలవురోజు రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? సెట్టింగ్ మార్చిన వారం నిద్ర గంటలు ఎవరు రాస్తారు? బ్యాటరీ అయిపోతే? డిప్రెషన్‌కి కరెంటు ఎక్కువ పడుతుంది, రీఛార్జ్ కానిదైతే కొన్నేళ్లకే మార్చాలి, అంటే మళ్లీ చిన్న ఆపరేషన్. రీఛార్జ్ అయ్యేదైతే గుర్తుపెట్టుకుని ఛార్జింగ్ పెట్టాలి. మంచం దిగని మనిషి అది చేస్తాడా? బ్యాటరీ పడిపోయిన సంగతి కొందరికి మనసు కుంగడం మొదలైనప్పుడే తెలుస్తుంది. ఇంకోటి, ఒళ్లు నొప్పులకి ఫిజియోథెరపీలో డయాథెర్మీ అని వేడి పెడతారు, ఇంప్లాంట్ ఉన్నవాళ్లు దాని ఛాయలకే పోకూడదు. ఎంఆర్ఐ కూడా ఏ మోడల్‌కి ఏ షరతులో చూసుకున్నాకే.

#15 గట్టుమీద

ఆలస్యమైంది. నేను చెప్పేది షాక్ ట్రీట్‌మెంట్ గురించి, పాత వైద్యం, 1938 నాటిది. సినిమాల్లో చూసింది మర్చిపోండి. మత్తు ఇస్తారు, కండరాలు బిగుసుకోకుండా మందు ఇస్తారు, మనిషి కదిలేది కాలి వేలు. మా ఆయనకి వారానికి మూడు చొప్పున మొత్తం పది ఇచ్చారు. ఐదోదాని తర్వాత ఆయనే పేపర్ అడిగారు. తొమ్మిది నెలల్లో తనంతట తాను అడిగిన మొదటి వస్తువు.

జ్ఞాపకం పోయింది, దాచను. ఆ రెండు నెలలు ఆయనకి దాదాపు లేవు. దానికి ముందువి కూడా కొన్ని చెదిరిపోయాయి. ఆయన తూకం వేసుకుని "ఆ నెలలు నాకు గుర్తుండకపోతేనే నయం" అంటారు. అందరూ అలా అనరు.

మీ తమ్ముడు వద్దన్నాడు, సరే. దేనికి భయపడి వద్దన్నాడో అడిగారా? బైపోలార్ డిప్రెషన్‌కి ఇది వారాల్లో పనిచేసే వైద్యం. తీగమోత గారేమో తొమ్మిది నెలలంటున్నారు. 14 నెలలుగా పడుకున్న మనిషికి ఇంకో తొమ్మిది నెలలు ఆగమని ఎలా చెబుతాం?

#16 అలసినగుర్రం

మరి ఆ ఆలోచన రాగానే కట్ చేసేదో? అది ఉత్తదేనా?

#17 సందేహాలరావు

ఉత్తది కాదు, పసిది. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే ఒక్క రోగికి అలా చేశారు. మెదడులో భావోద్వేగాలకి సంబంధించిన అమిగ్డాలా అనే చోట డిప్రెషన్ ముదిరినప్పుడు వచ్చే ఒక సంకేతాన్ని పట్టుకుని, అది కనిపించినప్పుడే ఇంకో చోట కొన్ని సెకన్లు కరెంటు ఇస్తుంది. ఆలోచనని కాదండీ, సంకేతాన్ని. 2023లో మేబర్గ్ జట్టు పదిమందితో ఇంకోటి ప్రచురించింది. తొమ్మిది మందికి 24 వారాల్లో సగానికి పైగా తగ్గింది. అంతకన్నా ముఖ్యం, మనిషి నిలకడగా బాగైనట్టు చెప్పే ఒక మెదడు సంకేతం దొరికింది. రోగి "ఇవాళ బాలేదు" అంటే జబ్బు తిరగబెట్టిందా, ఇంట్లో గొడవ జరిగిందా అని తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. డాక్టరు అనవసరంగా సెట్టింగ్ కెలకకుండా ఉంటాడు. బైపోలార్‌లో పైకి వెళ్లే సంకేతం కూడా పట్టగలిగితే అప్పుడు నేనూ మీతో గంతేస్తాను.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. కంపెనీ మూతపడితే? చూపు లేనివాళ్లకి కంట్లో ఇంప్లాంట్ పెట్టిన సెకండ్ సైట్ అనే కంపెనీ వెనక్కి తగ్గితే, పెట్టించుకున్నవాళ్లు రిపేరు దిక్కులేక మిగిలారు. బ్యాటరీ అన్నది పెళ్లిలాంటిది, అవతలివాళ్లు ఎన్నాళ్లు ఉంటారో ముందే కనుక్కోవాలి.

#18 నేనేఆతమ్ముణ్ణి

నమస్తే. పై పోస్టుల్లో ఉన్న కేసు నేనే. అక్క ఫోన్ ఇక్కడ పెట్టి పడుకుంది, ఈ పేజీ తెరిచే ఉంది. మొత్తం చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కోపం రాలేదు. నా గురించి ఇంతమంది ఇంత జాగ్రత్తగా మాట్లాడుకోవడం వింతగా ఉంది.

ఒకటి సరిదిద్దాలి. లిథియం పనిచేయలేదని అక్క రాసింది. అది నిజం కాదు. అక్కకి తెలియదు.

నేను సరిగ్గా వేసుకోలేదు. చేతులు వణికేవి, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. రెండు వారాలకే మానేశాను. రక్తపరీక్షకి వారం ముందు నుంచి మాత్రం పూటకి పూట మింగేవాణ్ణి. రిపోర్టు బాగా వచ్చేది. డాక్టరు లెవెల్ బాగుంది, మనిషి బాగాలేడు, కాబట్టి ఈ మందు పనిచేయదు అని రాసుకున్నారు. మూడుసార్లు అలాగే చేశాను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మెదడులో తీగ దాకా వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

షాక్ వద్దన్నది జ్ఞాపకం గురించి. నాకు మిగిలినవి అవే.

#19 సందేహాలరావు

తమ్ముడూ, ఈ చర్చలో అందరికన్నా విలువైన పోస్టు నీది. నేను పెట్టిన అంకెలన్నీ "మందులకి లొంగని" అనే మాట మీద నిలబడ్డాయి. ఆ మాటే నీ విషయంలో ఇంకా తేలలేదు.

#20 న్యూరోనర్సు

చెప్పినందుకు థాంక్స్. లిథియం రక్తంలో నాలుగైదు రోజుల్లోనే నిలకడకి వస్తుంది. అందుకే వారం మింగితే రిపోర్టు బాగుంటుంది. పనిచేయడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు కావాలి. మీలాంటివాళ్లు చాలామంది ఉంటారు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

దయచేసి ఇంట్లో మిగిలిన మాత్రలు ఇవాళే మొదలుపెట్టకండి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ముందు చేయాలి. వణుకు, దాహం గురించి డాక్టరుకి చెబితే డోసు, వేసుకునే వేళ మార్చి చూస్తారు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తీసి, చాలామందికి లెవెల్ 0.6 నుంచి 0.8 మధ్య ఉండేలా చూస్తారు. పాత లెవెల్ ఎంతలో ఉండేదో ఆ కాగితాలు కూడా పట్టుకెళ్లండి.

#21 మోడరేటర్

తమ్ముడు గారికి స్వాగతం. ఒక్క మాట, చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇప్పుడే అక్కని లేపండి.

#22 నేనేఆతమ్ముణ్ణి

ఇవాళ లేవు. వస్తే లేపుతాను.

తీగమోత గారికి ఒక ప్రశ్న. పెట్టించుకున్నాక ఒక రోజు మీకు వద్దనిపిస్తే, ఎవర్నీ అడక్కుండా మీరు ఆపుకోగలరా?

#23 తీగమోత

ఆపుకోగలను. ఒక అయస్కాంతం ఇస్తారు, ఛాతీ మీద బ్యాటరీ దగ్గర పెట్టుకుంటే ఉన్నంతసేపు ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలు. నేను పాట పాడాలనిపించినప్పుడు పెట్టుకుంటాను, గొంతు బొంగురుపోకుండా. పూర్తిగా ఆపాలంటే డాక్టరు ఆఫ్ చేస్తారు. డబ్బా తీయడం తేలికే. నాడికి చుట్టిన తీగని మాత్రం చాలాసార్లు లోపలే వదిలేస్తారు, దాన్ని లాగడం కష్టం.

ఈ ప్రశ్న నేను పెట్టించుకున్నాక అడిగాను. నువ్వు ముందే అడిగావు.

#24 నీలిమబ్బు

పొద్దున లేచి చూసుకున్నాను. ఏం రాయాలో తెలియడం లేదు. మూడుసార్లూ రిపోర్టు తెచ్చింది నేనే, లెవెల్ బాగుందని ఇంటిల్లిపాదికీ చెప్పిందీ నేనే. తమ్ముడితో ఇంకా మాట్లాడలేదు, నిద్రపోతున్నాడు. గురువారం తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

#25 నేనేఆతమ్ముణ్ణి

నిద్రపోవడం లేదు. లిథియం సంగతి నువ్వు చెప్పకు అక్కా, నేనే చెబుతాను. నేను మధ్యలో ఆగిపోతే మాత్రం ఈ పేజీ చూపించు.